నర్సింగ్ తరగతిలో సంస్కృతి ఆట: మార్కులు ఎవరు వెయ్యాలి?

ఒక నర్సింగ్ కళాశాలలో నేను చూసిన పాఠంతో మొదలుపెడతాను. 'గిరిజన రోగితో సంభాషణ' అన్నది ఆ రోజు అంశం. తరగతి ముందు ఒక మంచం, ఒక కుర్చీ వేశారు. ఒక అమ్మాయి నర్సు, ఇంకొక అమ్మాయి గిరిజన గర్భిణి. గర్భిణి వేషానికి మెడ నిండా పూసలు, మోకాళ్ళ పైకి కట్టిన చీర. నర్సు రక్తం తీస్తానంటే గర్భిణి భయపడి లేచి పరుగెత్తింది. 'మా దేవరకు కోపం వస్తది' అంది. తరగతి అంతా నవ్వింది. నర్సు ఓపికగా నచ్చజెప్పింది, గర్భిణి ఒప్పుకుంది. చప్పట్లు కొట్టారు. నర్సు వేషం వేసిన అమ్మాయికి పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

గర్భిణి వేషం వేసింది మా కోయ పిల్ల. తరగతిలో ఆదివాసీ తనొక్కతే. 'నీకైతే బాగా వస్తుంది' అని ఆ వేషం తనకే ఇచ్చారట. సాయంత్రం హాస్టల్ బయట కూర్చుని మాట్లాడుకున్నాం.

"మా అమ్మ అట్ల మాట్లాడదక్కా" అంది. "ముగ్గురు పిల్లల్ని కన్నది. సూదికి ఎన్నడూ భయపడలేదు. నర్సమ్మ కసురుకుంటదేమో అని భయపడేది. అది చేసి చూపిస్తే పాఠం చెడిపోతదని ఊరుకున్న."

ఆ అధ్యాపకురాలిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె ఉద్దేశం మంచిదే. తన విద్యార్థినులు రేపు ఏజెన్సీలో పనిచేస్తారు, అక్కడి మనుషులను కసురుకోకూడదు అనుకునే ఆ పాఠం పెట్టింది. కానీ మంచి ఉద్దేశంతో పెట్టిన ఆటలో మా అమ్మలు నవ్వులపాలయ్యారు. నర్సుకు మార్కులు వచ్చాయి. ఆ పిల్లకు మాత్రం తన తల్లి గురించి తనే అబద్ధం ఆడిన బాధ మిగిలింది. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవాలంటే, ఇలాంటి ఆటలు ఎక్కడ పుట్టాయో, ఏం నేర్పుతాయో, ఏం నేర్పవో చూడాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళిక సిమ్యులేషన్‌కు, అంటే నిజమైన రోగి దగ్గరకు వెళ్ళకముందే నకలు పరిస్థితిలో సాధన చెయ్యడానికి, చోటు ఇచ్చింది. కాబట్టి ఈ ఆటలు మన జిల్లాల కళాశాలల్లో ఇంకా పెరుగుతాయి. అవి ఎలా ఉండాలో చెప్పే హక్కు మనకు ఉంది.

సూది వెయ్యడం, నాడి చూడడం బొమ్మ మీద నేర్చుకోవచ్చు. రోగి సంస్కృతిని అర్థం చేసుకోవడం కూడా నర్సు పనిలో భాగమని గట్టిగా చెప్పిన వారిలో అమెరికా నర్సు మడలిన్ లైనింగర్ ముఖ్యురాలు. ఆమె 1960ల మొదట్లో పాపువా న్యూగినీ కొండల్లో గాడ్‌సప్ అనే తెగ మధ్య ఉండి, వారి జబ్బులు, సేవలు, నమ్మకాలు చూసి రాసింది. ఆ శాస్త్రానికి మొదట పాఠం చెప్పింది ఒక కొండ తెగే అన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. అయితే అందరు విద్యార్థులనూ కొండలకు పంపలేరు కదా. అందుకని తరగతిలోకి ఆటలు వచ్చాయి.

వాటిలో బాగా పేరున్నది 'బాఫా బాఫా'. అమెరికాకు చెందిన గారీ షర్ట్స్ 1970లలో తయారుచేశాడు. మొదట తయారైంది నర్సుల కోసం కాదు, అమెరికా నౌకాదళం కోసం. పరాయి దేశపు రేవుల్లో దిగే నావికులు అక్కడి వారితో గొడవలు పడకుండా ఉండడానికి. తరువాత బడులు, కంపెనీలు, నర్సింగ్ కళాశాలలు దాన్ని తీసుకున్నాయి.

ఆట ఇలా ఉంటుంది. తరగతిని రెండు జట్లు చేసి రెండు గదుల్లో కూర్చోబెడతారు. ఒక జట్టు ఆల్ఫా, ఇంకొకటి బీటా. ఆల్ఫా వారిది చుట్టరికం, ఆప్యాయత, పెద్దల మాట ముఖ్యమైన సమాజం. బీటా వారిది బేరసారాల సమాజం. కార్డులు మార్చుకుంటూ పాయింట్లు కూడబెడతారు, బేరానికి వారికి వేరే భాష ఉంటుంది. ఎవరి నియమాలు వారు నేర్చుకున్నాక, అవతలి గదికి ముందు పరిశీలకులు, తరువాత వంతులవారీగా అతిథులు వెళతారు. వెళ్ళినవారికి అక్కడి నియమాలు ఎవరూ చెప్పరు. తప్పు చేస్తారు, అవమానపడతారు, తిరిగి వచ్చి 'వాళ్ళు వింత మనుషులు' అంటారు. చివర అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చర్చ పెడతారు. మీరు వింత అన్నది వారికి మామూలు, మీ మామూలు వారికి వింత అని అప్పుడు తెలుస్తుంది.

ఈ ఆటలో మంచి ఉంది. ఉపన్యాసం చెయ్యలేని పని అది చేస్తుంది. పరాయి గదిలో నోరు పెగలక నిలబడడం ఎలా ఉంటుందో, ఎప్పుడూ తన ఊళ్ళో, తన భాషలో బతికిన అమ్మాయికి ఒళ్ళు తెలిసేలా చెబుతుంది. మన బడులలో ఐదో ఏట తెలుగు పలక పట్టుకున్న కోయ, గోండు, కువి, సవర పిల్లలకు ఆ అనుభవానికి ఆట అక్కర్లేదు. అది లేనివారికి ఇది కనీసం ఒక పూట దొరికితే మంచిదే.

కానీ మన వైపు నుంచి చూస్తే మూడు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది, ఆటలో రెండు గదులూ సమానం. ఆల్ఫా వాడు బీటా గదిలో ఎంత తెల్లబోతాడో బీటా వాడు ఆల్ఫా గదిలో అంతే తెల్లబోతాడు. మన చరిత్రలో అలా జరగలేదు. చుట్టరికాల ఆల్ఫా, బేరాల బీటా అని చదవగానే నాకు మన సంత గుర్తొచ్చింది. సంతలో తూకం వాడిది, లెక్క వాడిది, భాష కూడా వాడిదే. ఆటలో బీటా వాళ్ళు ఆల్ఫా వాళ్ళ భూమి కొనరు. అక్కడ 1/70 చట్టం అవసరం రాదు. ఆసుపత్రిలోనూ అంతే. గర్భిణికి నర్సు వింతగా కనిపిస్తే నర్సుకు నష్టం ఏమీ లేదు. నర్సుకు గర్భిణి వింతగా కనిపిస్తే ఆ గర్భిణి గంటసేపు బెంచీ మీదే ఉండిపోవచ్చు, ఆమె నొప్పిని ఎవరూ నమ్మకపోవచ్చు. తేడా ఒక్కటే ఉండి పెత్తనం లేని చోటు ఆటలోనే ఉంటుంది.

రెండోది, ఆట చూపించేది మొదటి గంటను మాత్రమే. కళ్ళకు గంతలు కట్టి 'గుడ్డితనం ఎలా ఉంటుందో చూడండి' అనే అభ్యాసం మీద అమెరికాలో ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. గంతలు కట్టుకుని నడిచినవారిలో జాలి పెరిగింది. కానీ చూపులేనివారు ఉద్యోగం చెయ్యగలరు, సొంతంగా బతకగలరు అన్న నమ్మకం తగ్గింది. ఎందుకంటే వారు చవిచూసింది చూపు పోయిన మొదటి నిమిషాల తడబాటు. ఏళ్ళ తరబడి అలా బతికి నేర్చుకున్న నేర్పు వారికి కనిపించలేదు. మన విషయంలో కూడా ఇదే ప్రమాదం. ఒక పూట 'గిరిజనురాలు'గా తడబడిన విద్యార్థిని మన మీద జాలిపడుతుంది. అడవిలో ఏ దుంప తినాలో, ఏ దుంపను ఎన్నిసార్లు కడిగి ఉడకబెడితే చేదు పోతుందో తెలిసిన మనిషి ఈమె అని గౌరవించదు. జాలితో వచ్చిన నర్సమ్మ చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. కసురుకోవడం కన్నా అది మేలే. గౌరవం మాత్రం కాదు.

మూడోది, ఆట అయ్యాక 'సంస్కృతి' అనే మాట ఒక సంచిలా తయారవుతుంది. ఏది అర్థం కాకపోయినా అందులో వేస్తారు. 'వాళ్ళు ఆసుపత్రికి రారు, అది వాళ్ళ సంస్కృతి' అంటారు. ఊరికి రోడ్డు లేదు. డోలీలో మోసుకొస్తే వాగు అడ్డం. దాటి వస్తే తెలుగులో ప్రశ్న, తెలుగులో చీటీ. వీటిలో మన సంస్కృతి ఏది? డోలీ మన ఆచారం కాదు. రోడ్డు వెయ్యని ప్రభుత్వం మన భుజాల మీద పెట్టిన బరువు అది.

ఇంకొక ఆట ఉంది, 'బార్ంగా'. మద్రాసు నుంచి అమెరికా వెళ్ళిన శివశైలం త్యాగరాజన్ 1980లో లైబీరియాలోని బార్ంగా పట్టణంలో ఉన్నప్పుడు దీని ఆలోచన వచ్చింది, ఆ ఊరి పేరే పెట్టాడు. ఇది పేకాట. నాలుగైదు బల్లల దగ్గర కూర్చుని నియమాలు చదువుకుంటారు. ఆ కాగితం తీసేసుకుని, ఇక నోరు మెదపకూడదు అంటారు. గెలిచినవారు ఒక బల్లకు, ఓడినవారు ఇంకొక బల్లకు మారాలి. ఎవరికీ చెప్పని సంగతి ఏమిటంటే ప్రతి బల్ల దగ్గరా నియమాలు కొద్దికొద్దిగా వేరు. ఒకచోట ఆసు అన్నిటికన్నా పెద్దది, ఇంకొకచోట చిన్నది. కొత్తగా వచ్చినవాడు తనదే న్యాయం అనుకుని పట్టు తీసుకోబోతాడు, బల్ల దగ్గరివారు వాడిని మోసగాడు అనుకుంటారు.

ఆసుపత్రికి ఇది బాఫా బాఫా కన్నా దగ్గరగా ఉంది. ఇందులో పూసలు లేవు, వేషాలు లేవు. అందరూ ఒకే ఆట ఆడుతున్నామనుకుంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగేది ఇదే. 'మందు వేసుకున్నావా?' అని నర్సమ్మ అడుగుతుంది. తల ఊపితే 'అవును' అని రాసుకుంటుంది. తల ఊపడానికి ఆమె లెక్కలో ఒకే అర్థం. ఎదుటి మనిషికి అది 'మీరు చెప్పింది విన్నాను' కావచ్చు, 'పెద్దవారికి ఎదురుచెప్పను' కావచ్చు. తరువాత మందు మిగిలిందని తెలిస్తే 'అబద్ధాలు చెబుతారు' అంటారు. నియమం వేరని ఎవరికీ తట్టదు. అయితే బార్ంగాలో కూడా ఒక సౌకర్యం ఉంది. అక్కడ ఓడినవాడు బల్ల మారతాడు, అంతే. ఇక్కడ ఓడిన మనిషి మళ్ళీ ఆసుపత్రికి రాదు. లేదా ఆలస్యంగా వస్తుంది.

మరి పెత్తనాన్ని చూపించే ఆట లేదా? ఉంది. బాఫా బాఫా చేసిన గారీ షర్ట్స్ అంతకు ముందే, 1969లో, 'స్టార్‌పవర్' అనే ఆట చేశాడు. అందరికీ రంగు బిళ్ళలు ఇచ్చి బేరాలు ఆడమంటారు. వచ్చిన పాయింట్లను బట్టి మూడు జట్లు అవుతాయి. పై జట్టువారు తమ తెలివితో గెలిచామనుకుంటారు. నిజానికి విలువైన బిళ్ళలు పంపకంలోనే వారికి పోయాయి. కొంతసేపటికి, బాగా ఆడారు కాబట్టి ఇక నియమాలు మీరే పెట్టండి అని పై జట్టుకు అధికారం ఇస్తారు. ఇక వారు తమ పైచేయి నిలిచేలా నియమాలు పెట్టడం మొదలవుతుంది. కింది జట్లు కోపగించుకుంటాయి, కొందరు ఆట మానేస్తారు, కొందరు ఎదురుతిరుగుతారు.

నర్సింగ్‌లో సాంస్కృతిక అవగాహన అనగానే ముందుగా బాఫా బాఫా పేరు వస్తుంది, స్టార్‌పవర్ పేరు అంత తొందరగా రాదు. నా విమర్శ అంతా ఇక్కడే ఉంది. అవతలి మనిషి వింతగా ఉన్నాడని తెలుసుకోవడం సులభం, సరదాగా కూడా ఉంటుంది. బిళ్ళలు నాకు ముందే ఎక్కువ వచ్చాయని, నియమాలు నా జట్టే రాసిందని తెలుసుకోవడం కష్టం. తరగతి కష్టమైన ఆటను పక్కన పెట్టి సరదా ఆటను ఎంచుకుంటుంది.

ఈ మాటను నాకన్నా ముందు, ఎంతో గట్టిగా చెప్పింది ఒక ఆదివాసీ నర్సే. న్యూజీలాండ్‌కు చెందిన మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్. 1988లో అక్కడ జరిగిన ఒక సభలో ఒక మావోరీ నర్సింగ్ విద్యార్థిని లేచి, మీరు చట్టపరమైన భద్రత అంటారు, వైద్యపరమైన భద్రత అంటారు, మరి మా సంస్కృతికి భద్రత సంగతేమిటి అన్న అర్థంలో అడిగింది. ఆ ప్రశ్న నుంచి పెరిగిందే 'సాంస్కృతిక భద్రత' అనే ఆలోచన. దాన్ని పాఠంగా మలిచినది రామ్స్‌డెన్. 1992లో న్యూజీలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో భాగం చేసింది. తరువాత పత్రికల్లో పెద్ద దుమారం లేచింది, 1995లో పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్ళింది. అయినా ఆ పాఠం నిలిచింది. రామ్స్‌డెన్ 2003లో కన్నుమూసింది.

ఆమె మూడు మెట్లు చెప్పింది. తేడా ఉందని తెలియడం అవగాహన. ఆ తేడాకు విలువ ఉందని ఒప్పుకుని తన ప్రవర్తనను తాను చూసుకోవడం సున్నితత్వం. మూడోది భద్రత. మొదటి రెండు మెట్లూ నర్సు తనకు తాను ఎక్కగలదు. మూడోది ఎక్కిందో లేదో చెప్పాల్సింది నర్సు కాదు, ఆమె అధ్యాపకురాలు కాదు, సేవ అందుకున్న మనిషి. ఇంకొక మాట కూడా చెప్పింది. నర్సు ఇతరుల ఆచారాలను జాబితా రాసుకుని బట్టీ పట్టనక్కర్లేదు. తన సంస్కృతి ఏమిటో, తన చేతిలో ఉన్న అధికారం ఏమిటో తెలుసుకుంటే చాలు.

ఇప్పుడు మొదట చెప్పిన తరగతికి తిరిగి వెళదాం. అక్కడ ఏం తప్పింది? పూసలు, చీర పైపై సంగతులు. అసలు తప్పు మార్కుల దగ్గర ఉంది. నర్సుకు తొమ్మిది మార్కులు వేసింది అధ్యాపకురాలు. గర్భిణిని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల తన తల్లిని తలుచుకుని ఎన్ని వేసేదో?

కాబట్టి ఆటలు వద్దనను. మన ఆట కావాలి అంటాను. నాకు తోచిన ఆట ఒకటి చెబుతాను. మీరు మార్చుకోవచ్చు.

తరగతి గదిని ఆసుపత్రి చెయ్యండి. ఆ ఆసుపత్రి నడిపేది గోండి లేదా కువి లేదా కోయ మాట్లాడే మన ఆడవాళ్ళు, మన భాషా ఉపాధ్యాయులు. వారికి కూలి ఇచ్చి పిలవాలి. విద్యార్థినులు రోగులు. పేరు, ఊరు, నొప్పి అన్నీ గోండిలోనే అడుగుతారు. జవాబు రాకపోతే వరుసలో వెనక్కి పంపుతారు. చేతి గడియారం, ఉంగరం, మెడలో గొలుసు ఎందుకో చెప్పకుండానే తీయమంటారు. తోడు వచ్చిన స్నేహితురాలిని బయట నిలబెడతారు. ఆమె గురించి ఆమె ముందే వేరేవారితో మాట్లాడతారు. స్టార్‌పవర్‌లోలాగా మధ్యలో నియమాలు మార్చే అవకాశం ఇస్తారు, కానీ ఆసుపత్రి వారికి మాత్రమే. బార్ంగాలోలాగా కొన్ని నియమాలు ఎవరికీ చెప్పరు.

ఇది పగ తీర్చుకోవడం కోసం కాదు. అందుకే రెండో సగం తప్పనిసరి. రెండో సగంలో అదే ఆడవాళ్ళు తమకు వచ్చిన పని నేర్పుతారు. పురుడు ఎలా చూస్తారో, బాలింతకు ఏం పెడతారో, ఏది ప్రమాదమని ఎప్పుడు గుర్తుపడతారో చెబుతారు. విద్యార్థినులు శిష్యులుగా కూర్చుంటారు. మొదటి గంట తడబాటుతో ఆగిపోతే మిగిలేది జాలి. నేర్పు కూడా చూస్తే గౌరవం మొదలవుతుంది.

చివర మార్కులు. మార్కులు వేసేది ఆ ఆడవాళ్ళు. ఎవరికి మా కోడలి పురుడు అప్పగిస్తాం, ఎవరికి అప్పగించం, ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకు వారి జవాబే పరీక్ష. ఆ తరువాత ప్రతి విద్యార్థినీ ఒక కాగితం మీద, రేపు వార్డులో తాను మార్చగల ఒక నియమం రాయాలి. తాయెత్తు, మొలతాడు తీసేముందు అడగడం. కాన్పు సమయంలో తోడు ఒకరిని ఉండనివ్వడం. పడుకునే కనాలి అని బలవంతపెట్టకపోవడం. ఈ చివరి రెండూ మనం కొత్తగా కోరుతున్నవి కావు. కాన్పులో స్త్రీ కోరిన తోడు, ఆమెకు వీలైన భంగిమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో సిఫారసు చేసింది. కూర్చుని కన్న మన అమ్మమ్మలను ఆటవికులన్నవారు ఇప్పుడు అదే మాట పుస్తకంలో చదువుతున్నారు.

సికిల్ సెల్ సంగతి కూడా ఈ ఆటలో ఉండాలి. మన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న ఈ రక్తపు జబ్బు మీద కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. కానీ ఈ జబ్బులో వచ్చే నొప్పి బయటికి కనిపించదు. వాపు లేకుండా, జ్వరం లేకుండా ఎముకలు విరిగినంత నొప్పి రావచ్చు. సాధన చేసే బొమ్మ నొప్పి చెప్పదు. మన పిల్లలు ఏడ్వకుండా పళ్ళు బిగించి కూర్చుంటారు. నొప్పి చూపించని మనిషిని నమ్మడం ఎలా అన్నది నర్సుకు ఆటలో రావాల్సిన పాఠం. అది రాకపోతే కార్డు ఉన్నా మందు సమయానికి అందదు.

అధ్యాపకులకు రెండు మాటలు. తరగతిలో ఉన్న ఆదివాసీ విద్యార్థిని చేత ఆదివాసీ వేషం వేయించకండి. ఆమె అక్కడికి నర్సు కావడానికి వచ్చింది, నమూనా కావడానికి కాదు. ఆమె తనంతట తాను చెప్పదలుచుకుంటే వినండి. రెండోది, ఆట ఎంతసేపు ఆడారో అంతకన్నా ఎక్కువసేపు మాట్లాడండి. చర్చ లేని ఆట ఉన్న అపోహలనే గట్టిపరుస్తుంది.

ఏ ఆటా రోడ్డు వెయ్యదు. ఏ ఆటా ఖాళీగా ఉన్న నర్సు పోస్టు నింపదు. సాంస్కృతిక అవగాహన పాఠం పెట్టామని చెప్పి వాటిని మరిచిపోతే, ఆ పాఠం కూడా మనకు అన్యాయమే చేస్తుంది.

నర్సింగ్ చదువుతున్న మన పిల్లలకు చివరిగా ఒక మాట. ఆ రోజు ఆ కోయ పిల్లకు నేను ధైర్యం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. పాఠం చెడిపోతే చెడిపోనీ తల్లీ. మీ అమ్మ ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడు. ఆమె దేనికి భయపడిందో తరగతికి చూపించు. న్యూజీలాండ్‌లో ఒక విద్యార్థిని సభలో లేచి ఒక ప్రశ్న అడిగితే ఆ దేశపు నర్సుల చదువే మారింది. ఆమె కూడా నీలాంటి విద్యార్థినే.